కొండవాగు నీళ్లు తాగవచ్చునా?

అరకు వెళ్లే దారిలో అనంతగిరి ఎక్కుతుంటే కాఫీతోటల నడుమ వాగులు పారుతుంటాయి. అద్దంలాంటి నీరు, దోసిలి పట్టబుద్ధవుతుంది. ఆగండి! వాగుకు ఎగువన ఊళ్లుంటాయి, పశువులుంటాయి. వాన పడితే వాలు మీది మలినమంతా అందులోకే చేరుతుంది. తేటనీరంతా మంచినీరు కాదు.

విరేచనాలు రెండు మూడు రోజుల్లోనే పట్టుకోవచ్చు. టైఫాయిడ్ బయటపడటానికి 1 నుంచి 3 వారాలు, పచ్చకామెర్లకు సుమారు నెల పడుతుంది. అప్పటికి మీరు వాగును మరచిపోయి ఉంటారు. జ్వరం వస్తే ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పండి.

కాచి చల్లార్చిన నీళ్లు ఇంటినుంచే తీసుకెళ్లండి. అయిపోతే వాగునీటిని గుడ్డతో వడకట్టి, తెర్లిన తరువాత మరో నిమిషం మరగనిచ్చి, చల్లార్చి తాగండి. వడకట్టడం ఒక్కటే చాలదు.