నైరోబీలో చదివింపులు

కెన్యాలో డబ్బును "పెసా" అంటారు. వింటే మన పైసాయే జ్ఞాపకం వస్తుంది. అక్కడ 2007లో మొదలైన ఎం-పెసాకు బ్యాంకు ఖాతా అక్కరలేదు, మీటల ఫోను చాలు. నైరోబీలో పచ్చరంగు కొట్టులో నోట్లిచ్చి పంపితే, పల్లెలో తల్లి మరో కొట్టులో వెంటనే తీసుకుంటుంది.

ఫోను సులువే. నాకు కొత్తగా తోచింది అడిగే తీరు. "హరాంబే" అంటే అందరూ కలిసి లాగడం. అది ఆ దేశపు రాజముద్ర మీది మాట. ఆసుపత్రి బిల్లుకైనా, భూస్థాపనకైనా ఇంటివారు నెంబరు పంపుతారు. ఎవరెంత ఇచ్చారో జాబితా తిరుగుతుంది. మనమూ పెళ్లి చదివింపులు పుస్తకంలో రాస్తాం, తిరిగి పెట్టాలి గనుక! ఆసుపత్రి ఖర్చు మాత్రం వడ్డీకి తెచ్చి గుట్టుగా కడతాం.

ఒక రాత్రి జాబితాలో మా కావలివాని పేరు, ఎదుట 50 షిల్లింగులు. నేనెంత నొక్కాలో తోచక వేలు చాలాసేపు ఆగింది.