ఓటి పళ్లెం, బుల్లి ఎలుక

వాటర్లూ స్టేషన్లో రైలెక్కేసరికి ఇంకా తెల్లవారలేదు. నవంబరు మొదటి వారం. చైనా, జపాన్ పాత వస్తువుల వేలాలు ఇంగ్లండులో ఈ రోజుల్లోనే మందగా వస్తాయి, మళ్లీ మే నెలలో. మేం వెళ్తున్నది దక్షిణాన ఓ చిన్న ఊరికి. పేరు చెప్పను. మళ్లీ వెళ్లాలనుంది, చేతులారా పోటీ పెంచుకోవడమెందుకు?

నాతో మా బాబాయి ఉన్నాడు. తెనాలిలో లెక్కల మాస్టారుగా చేసి రిటైరైన మనిషి, కూతురి దగ్గరికి మూడు నెలలకని వచ్చాడు. అంతకు ముందు వారమే ఆయన్ని బ్రిటిష్ మ్యూజియంలో 95వ గదికి తీసుకెళ్లాను. పెర్సివల్ డేవిడ్ కూడబెట్టిన చైనా పింగాణీ, దాదాపు 1,700 వస్తువులు, అక్కడుంటుంది. మెడమీద 1351 నాటి తేదీ రాసిన జంట కూజాలు కూడా అక్కడే. డేవిడ్ బొంబాయిలో పుట్టాడని తెలిశాక బాబాయికి ఆయనమీద కాస్త అభిమానం కలిగింది గానీ గది మాత్రం నచ్చలేదు.

"అద్దంలోంచి చూస్తే ఏం తెలుస్తుందిరా? సాలార్‌జంగ్‌లోనూ ఇంతే. పిల్లల్ని తీసుకెళ్లినప్పుడల్లా పింగాణీ దగ్గర 'దూరం, దూరం' అని నేనే అరిచేవాణ్ణి" అన్నాడు.

అందుకే ఈ ప్రయాణం. వేలానికి ముందు రోజుల్లో సరుకు చూడనిస్తారు. టికెట్టు లేదు. ఫలానాది చూస్తానంటే చాలు, అద్దాల బీరువా తెరిచి చేతికిస్తారు. కొంటావా, కొనవా అని ఎవరూ అడగరు. నన్నడిగితే ఈ వ్యసనంలో అసలు సుఖం ఈ పూటే. పాట ఆ తర్వాతి సంగతి. రెండు చేతులతో పట్టుకోవాలి, మూతో చెవో పట్టుకుని ఎత్తకూడదు, ఉంగరాలు తీసేస్తే మంచిది. అంతే మర్యాదలు.

నేను కేటలాగులో కన్నేసింది జానెడు వెడల్పున్న ఓ నీలి-తెలుపు పళ్లెం మీద. తిరగేస్తే అడుగున రెండు నీలి వలయాల మధ్య ఆరు అక్షరాలు, నిలువుగా రెండు వరుసలు. కుడినుంచి చదవాలి: మహా మింగ్ వంశంలో చెంగ్‌హువా ఏలుబడినాటిది అని. అంటే 1465-87. కేటలాగేమో కాంగ్‌షీ కాలపుది, 1662-1722 అంటోంది.

"రెండొందల ఏళ్ల తేడా! దొంగ సరుకా?"

కానక్కర్లేదు. కాంగ్‌షీ నాటి కుమ్మరులు పాతవాళ్ల పనితనంమీద గౌరవంతో ఆ పేరు రాసేవాళ్లు. పైగా 1677లో పింగాణీ బట్టీల ఊరైన జింగ్‌డెజెన్ అధికారి ఒకాయన, ఏలుతున్న చక్రవర్తి పేరు పింగాణీ మీద రాయొద్దని ఆజ్ఞ వేశాడు. గిన్నె పగిలితే పేరు పెంటకుప్ప పాలవుతుందని బెంగ. మోసానికి రాసినవాళ్లూ ఉన్నారు, ఇప్పటికీ రాస్తున్నారు. కాబట్టి అక్షరాలు ఆఖర్న చూడాలి. ముందు బరువు, తర్వాత అడుగున గ్లేజు అంటని చుట్టు...

నా పాఠం సగంలో ఉండగానే బాబాయి పళ్లేన్ని ఎడమచేతి వేళ్ల మొనలమీద నిలబెట్టి, చూపుడువేలి కణుపుతో అంచుమీద కొట్టాడు. బల్ల వెనకున్న అమ్మాయి ముఖం పాలిపోయింది. ఖంగుమనాల్సింది టప్పుమంది.

"ఓటిదిరా" అన్నాడు. "మీ నాయనమ్మ సంతలో పది కడవలు మోగిస్తేగానీ ఒకటి కొనేది కాదు."

టార్చి వేసి చూస్తే అంచునుంచి లోపలికి రెండంగుళాల పగులు, వెంట్రుకంత. అడిగితే ఇచ్చే కండిషన్ రిపోర్టులో అది రాసే ఉందట. నేనే అడగలేదు.

పళ్లెం ఆశ వదిలి నెత్సుకేల ట్రే దగ్గరికి వెళ్లాం. కిమోనోకి జేబులుండవు. పొగాకు సంచో, మందుల పెట్టో తాడుకి కట్టి, ఆ తాడు నడికట్టు కిందనుంచి పైకి లాగి, జారకుండా కొసన ఓ బొమ్మ తగిలించేవాళ్లు. ఆ బొమ్మే నెత్సుకే. మనవాళ్లు ఆకువక్క సంచి రొంటిన దోపుకుంటే, వాళ్లు వేలాడదీసుకున్నారు. జపాన్‌లో మెయిజీ చక్రవర్తి కాలంలో ప్యాంటు జేబులొచ్చాక వీటి పని అయిపోయింది, పడమటి దేశాలవాళ్లు ఎగబడి కొన్నారు. ట్రేలో అన్నీ కొయ్యవే. ఏనుగుదంతం అమ్మకాల్ని ఆపే 2018 నాటి చట్టం 2022 జూన్‌లో అమల్లోకి వచ్చింది, మినహాయింపులు బహుకొద్ది. నాకది సబబుగానే తోచింది. కొయ్య నెత్సుకేకి అరచేతిలో ఉండే వెచ్చదనం దంతానికి లేదు.

నేను ఎంచుకున్నది నిద్రపోతున్న ఎలుక. తోక పొట్ట చుట్టూ తిప్పుకుని కొస నోటికింద పెట్టుకుంది. ఒకవైపు చెవి అరిగి నున్నబడింది, ఎవరి బొటనవేలో ఏళ్లతరబడి అక్కడే రాసి ఉంటుంది. పొట్టకింద తాడుకి రెండు రంధ్రాలు. ఒకటి చిన్నది, ఒకటి పెద్దది. "కొలత తప్పినట్టున్నాడు" అన్నాడు లెక్కల మాస్టారు.

ఆ రాత్రి అక్కడే ఉండిపోయాం. భోజనాల దగ్గర బాబాయికి రైస్లిప్ కూజా కథ చెప్పాను. 2010లో లండన్ శివారున ఓ ఇల్లు ఖాళీ చేస్తే దొరికిన కూజా 4.3 కోట్ల పౌండ్లకు పాడారు. కమిషన్‌తో 5.16 కోట్లు. కొన్నాయన డబ్బు కట్టలేదు. చివరికి 2013లో మరొకరికి చాలా తక్కువకు పోయింది. "పాట పాడ్డానికేముంది, నోరుంటే చాలు" అన్నాడు బాబాయి.

మర్నాడు హాల్లో మేం కాక పదిమంది. మిగతా పోటీ అంతా ఫోన్లలో, కంప్యూటర్లలో. మన లడ్డు పాటల్లోలా ఒకటోసారి, రెండోసారి అని లాగరు. నిమిషానికో వస్తువు వెళ్లిపోతుంది. ఓటి పళ్లెం, అంచనా 300 పౌండ్లు, ఫోన్లో ఎవరో చైనావాళ్లు 1,900కి కొన్నారు. బాబాయి నావైపు చూడలేదు.

ఎలుకకి నేను పెట్టుకున్న హద్దు 400. పాట 300 దాటింది. 320, 340, 360. 380కి నేను చెయ్యెత్తాను, సుత్తి పడింది. హద్దులోనే ఉన్నానని మురుస్తుంటే బాబాయి కేటలాగు మార్జిన్లో లెక్క కట్టేశాడు: పాతిక శాతం కమిషన్ 95, దానిమీద పన్ను 19, వెరసి 494.

"నీ హద్దు కమిషన్ కలిపా, కలపకుండానా?"

కలిపే. పలకలేదు నేను.

తిరుగు రైల్లో ఆయన పొట్లం విప్పి ఎలుకని అరచేతిలో పెట్టుకున్నాడు. పొట్లానికి కట్టిన దారం రంధ్రాల్లో దూర్చి, రెండు కొసలూ కలిపి ముడివేసి, ఊరికే లాగాడు. ముడి కదిలి, పెద్ద రంధ్రంలోకి జారి, పైకి కనబడకుండా కూర్చుంది.

"కొలత తప్పలేదురోయ్" అన్నాడు.