నేపాళ మాంత్రికుడి కుర్చీ

సంక్రాంతికి అందరం యానాంలో కలిస్తే మా ఇంట్లో ఏదో ఒక వాదన రావడం కొత్తేమీ కాదు. పొలం గట్టు గురించో, అరిసెల పాకం గురించో వస్తూనే ఉంటుంది. 2023 సంక్రాంతికి మాత్రం నలభై చేరిన నలుగురం, పిల్లలున్నవాళ్ళం, ఒక ఆటపెట్టె గురించి భోగి ముందురోజు రాత్రి రెండింటిదాకా పోట్లాడుకున్నాం. అమ్మ మధ్యలో ఒకసారి లేచి వచ్చి, "మీకేమైనా పిచ్చి పట్టిందా?" అని లైటు ఆర్పేసి పోయింది. మేం మళ్ళీ వేసుకున్నాం.

ఆ ఆట పేరు హీరోక్వెస్ట్. 1989లో మిల్టన్ బ్రాడ్లీ అనే బొమ్మల కంపెనీ, ఇంగ్లండుకు చెందిన గేమ్స్ వర్క్‌షాప్‌తో కలిసి దాన్ని తెచ్చింది. రూపొందించినవాడు స్టీఫెన్ బేకర్. ఒక పెద్ద అట్ట మీద ఇరవై రెండు గదులున్న పాతాళ కోట గీసి ఉంటుంది. నలుగురు వీరులు, వాళ్ళకు ఎదురుగా ముప్ఫై ఒక్క రాక్షసులు, అన్నీ బొటనవేలంత ప్లాస్టిక్ బొమ్మలు. వైకుంఠపాళీలోలాగా ఎవరి పందెం వాళ్ళది కాదు. వీరులు నలుగురూ ఒక జట్టు. ఐదో మనిషి ఒక్కడూ దుష్ట మాంత్రికుడై అట్ట తెర వెనక కూర్చుంటాడు. ఏ గదిలో ఏముందో అతనికే తెలుసు. మనం తలుపు తీస్తే అతను బొమ్మలు పేరుస్తాడు, కథ చెబుతాడు, మన మీదికి రాక్షసుల్ని నడిపిస్తాడు.

ఇంగ్లండు ఆట గోదావరి ఒడ్డుకు ఎలా వచ్చిందంటారా? యానాంవాళ్ళకైతే చెప్పనక్కర్లేదు. 1954లో ఫ్రెంచివాళ్ళ పాలన పోయాక కూడా కొన్ని కుటుంబాల్లో ఒకరిద్దరు ఫ్రెంచి పౌరులుగానే ఉండిపోయారు. మా బాబాయి అలా ఫ్రాన్సులో స్థిరపడ్డాడు. 1990 వేసవిలో వచ్చినప్పుడు చాక్లెట్లతోబాటు ఈ పెట్టె తెచ్చాడు. తెరిచి చూస్తే లోపల పుస్తకాలన్నీ ఫ్రెంచిలో ఉన్నాయి. మాలో ఎవరికీ ఒక్క ముక్క రాదు. బాబాయి కొడుకు చిన్నోడికి మాట్లాడ్డం వచ్చు గానీ, వాడికి అప్పుడు ఏడేళ్ళు. రెండు వాక్యాలు చదివేసరికి ఆవలింతలు వచ్చేవి.

అప్పుడు వీధరుగు మీది పడక్కుర్చీలోంచి తాతయ్య, "ఇలా తేండర్రా" అన్నాడు.

తాతయ్య చదివింది యానాంలోని ఫ్రెంచి బడిలో. తర్వాత మునిసిపాలిటీలో గుమాస్తాగా చేశాడు. ఆయన ఫ్రెంచికి ఇంట్లో పని లేకుండా పోయి అప్పటికి ముప్ఫై ఆరేళ్ళు. మూడు రోజులు కళ్ళజోడు పెట్టుకుని, దస్తావేజు చదివినట్టు ఆ పుస్తకం చదివాడు. పెన్సిలుతో వరుసల మధ్య తెలుగులో రాసుకున్నాడు. నాలుగో రోజు భుజాన శాలువా వేసుకుని తెర వెనక కూర్చుని, "నేనే నేపాళ మాంత్రికుణ్ణి" అన్నాడు. 1951లో పాతాళ భైరవి చూసిన మనిషి. దుష్ట మాంత్రికుడంటే ఆయనకు ఎస్వీ రంగారావు తప్ప ఇంకొకడు లేడు. ఆ రోజునుంచి ఆ కుర్చీకి నేపాళ మాంత్రికుడి కుర్చీ అనే పేరు.

మా మేనత్త కొడుకు బావ మోటువీరుడు. దెబ్బకు మూడు పాచికలు, ఒంట్లో ఎనిమిది ప్రాణాలు. మా తమ్ముడు పొట్టివీరుడు. నేను గంధర్వకన్యను. చిన్నోడు మంచి మంత్రగాడు. వాడికి నాలుగు ప్రాణాలే గానీ మంత్రాలు ఎక్కువ. మొత్తం పన్నెండు మంత్రాలు నాలుగు జట్లుగా ఉంటాయి: భూమి, నీరు, నిప్పు, గాలి. మూడు జట్లు వాడివి, ఒకటి నాది. "పంచభూతాల్లో ఆకాశం ఒక్కటి మరిచిపోయారర్రా తెల్లవాళ్ళు" అనేవాడు తాతయ్య.

కొట్లాటకు వేరే పాచికలున్నాయి. ఆరు ముఖాల్లో మూడు పుర్రెలు, రెండు తెల్ల డాళ్ళు, ఒక నల్ల డాలు. పుర్రె పడితే దెబ్బ. కాచుకోవడానికి మనకు తెల్ల డాలు, రాక్షసులకు నల్ల డాలు. "దేవుడు మీకు రెండు ఇచ్చాడు, వాళ్ళకు ఒకటే ఇచ్చాడు. ఇంకా ఏడుపెందుకు?" ఓడిపోయినప్పుడల్లా తాతయ్య అనే మాట ఇదే. ఆరేడు వేసవులు అలా గడిచాయి. ఫ్రెంచి ముక్క మా ఇంట్లో గట్టిగా వినబడింది ఆ మధ్యాహ్నాల్లోనే.

1996 నవంబరు తుపానుకు ఇంట్లోకి మోకాలి లోతు నీళ్ళొచ్చాయి. అట్ట బీరువాలు, అట్ట బల్లలు ఉబ్బిపోయాయి. బొమ్మలు కొన్ని కొట్టుకుపోయాయి. ఒంటికన్ను రాక్షసులు ముగ్గురిలో ఇద్దరు మిగిలారు. మిగిలినవన్నీ ఎండబెట్టి అమ్మ అటక మీద పెట్టింది. 1999లో తాతయ్య పోయాడు. ఆ ఆట కూడా అప్పటికే అంగళ్ళలోంచి పోయింది.

మళ్ళీ రావడానికి ఇరవై ఏళ్ళు పట్టింది. మిల్టన్ బ్రాడ్లీ ఎప్పుడో హాస్‌బ్రో చేతిలోకి వెళ్ళింది. హీరోక్వెస్ట్ అనే పేరు మీద హక్కు మధ్యలో వేరొక ఆటల సంస్థకు దక్కింది. అది మళ్ళీ హాస్‌బ్రోకు వచ్చాక, 2020 సెప్టెంబరులో అభిమానుల దగ్గర ముందుగా డబ్బు కట్టించుకుని కొత్త పెట్టె చేస్తామన్నారు. 10 లక్షల డాలర్లు కావాలంటే 37 లక్షల దాకా వచ్చాయి. మాలాంటి పిచ్చివాళ్ళు లోకమంతా ఉన్నారన్నమాట! మరుసటేడు అది మామూలు అంగళ్ళకూ వచ్చింది. చిన్నోడు ఆ కొత్త పెట్టె పట్టుకుని సంక్రాంతికి దిగాడు. గొడవ అక్కడ మొదలైంది.

బావ పెట్టె మూత తీసి ఒక్కో బొమ్మా వెలుగులో పెట్టి చూశాడు. "మన ఒంటికన్నువాళ్ళేరీ? ఈ చేపమొహాలెవరు?" అన్నాడు.

చిన్నోడు చెప్పాడు. ఒంటికన్ను రాక్షసులు గేమ్స్ వర్క్‌షాప్‌వాళ్ళ సొత్తు. ఈసారి వాళ్ళు కలవలేదు కాబట్టి ఆ బొమ్మలూ లేవు, కొన్ని పేర్లూ మారాయి. "అయితే ఇది అది కాదు" అని బావ తీర్పు చెప్పేశాడు.

తమ్ముడు ఊరుకోలేదు. "బొమ్మలు చూడు బావా, గోళ్ళు కూడా కనబడుతున్నాయి. బీరువాలు, బల్లలు అన్నీ ప్లాస్టిక్కే. తుపానొచ్చినా ఉబ్బవు. పైగా ఆట గట్టిపడింది. మన పెట్టెలో ఏ రాక్షసుడైనా ఒక్క దెబ్బకే చచ్చేవాడు. ఇందులో అమెరికా పద్ధతి పెట్టారు, కొందరికి రెండు మూడు ప్రాణాలున్నాయి."

"ఒక్క దెబ్బకు చస్తేనే పిల్లలకు సరదా."

"నీకు సరదాగానే ఉండేది. నువ్వు కూతురి కొడుకువి. తాతయ్య నీ మీదికి ఎప్పుడూ ఒకణ్ణి తగ్గించే పంపేవాడు."

ముప్ఫై ఏళ్ళుగా వాడి మనసులో ఉన్న మాట అది. నవ్వుతూనే అన్నాడు గానీ బావ మొహం చిన్నబోయింది.

నాకు కోపం తెప్పించింది బొమ్మలు కాదు. చిన్నోడు ఫోను తీసి, కొత్త ఆటకు ఒక యాప్ ఉందనీ, దుష్ట మాంత్రికుడి పని అదే చేస్తుందనీ చూపించాడు. అంటే ఆ కుర్చీలో ఎవరూ కూర్చోనక్కర్లేదు! "తాతయ్య కూర్చున్న చోట ఫోను పెడతావట్రా?" అన్నాను. గొంతు కొంచెం లేచింది.

వాడు వెంటనే జవాబు చెప్పలేదు. కాసేపాగి నెమ్మదిగా అన్నాడు: "అక్కా, మీకు ఎదురింట్లో అత్త, పక్కవీధిలో మామయ్య ఉన్నారు. అక్కడ మేం ముగ్గురమే. నేను మాంత్రికుణ్ణయితే నా కూతురు ఒక్కతే నలుగురు వీరుల్నీ ఆడాలి, నాతో పోట్లాడాలి. ఫోను ఆ పని చేస్తే నేను, అది ఒకే జట్టులో ఉంటాం. పనినుంచి వచ్చాక దానితో ఒకవైపు కూర్చునే గంట నాకు అదొక్కటే."

దానికి నా దగ్గర జవాబు లేదు. లైటు ఆర్పి పడుకున్నాం.

మర్నాడు పొద్దున్న భోగిమంటలోకి పాత సామాన్లు వెతుకుతూ తమ్ముడు అటకెక్కాడు. పాత పెట్టె దించాడు. కాల్చడానికి కాదు లెండి, వాదన గెలవడానికి. తడిసి ఎండిన పుస్తకం అప్పడంలా పెళపెళలాడింది. కథలు చాలావరకు అవే కాబట్టి, కొత్త పుస్తకాన్నీ దాన్నీ పక్కపక్కన పెట్టి చూశాం. చిన్నోడి పదేళ్ళ కూతురికి మా తెలుగు సగమే అర్థమవుతుంది. అది వచ్చి, పాత పుస్తకంలోని ఫ్రెంచి గడగడా చదవడం మొదలెట్టింది. మధ్యలో ఆగి, "ఇదేంటి?" అని పెన్సిలు రాత మీద వేలు పెట్టింది. ఆ తెలుగు అక్షరాలు దానికి రావు. ఫ్రెంచి రాని మా అబ్బాయి పక్కన కూర్చుని వాటిని చదివాడు.

"ఈ గదిలో ఒకణ్ణి తగ్గించాలి. చిన్నవాడు జడుసుకుంటున్నాడు." తర్వాతి పేజీలో: "పెద్దవాడికి ఇక్కడ ఇద్దరు చాలరు, ముగ్గుర్ని పెట్టాలి. పొగరెక్కువైంది."

తమ్ముడు ఆ వాక్యం రెండుసార్లు చదివించుకున్నాడు. పెద్దవాడంటే బావే. "విన్నావుగా" అన్నాడు బావ. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని ఎంత నవ్వారంటే, వంటింట్లోంచి అమ్మ మళ్ళీ వచ్చింది.

మాకు తెలియకుండా తాతయ్య ప్రతి మధ్యాహ్నం ఆటను మా నలుగురికీ సరిపడేట్టు కత్తిరించి కుట్టాడు. జ్వరం వచ్చి లేచినవాడెవడు, ముందురోజు ఓడి ఏడ్చినవాడెవడు చూసుకుని తలుపు వెనక రాక్షసుల్ని పెట్టాడు. ఫోనుకు ఆ సంగతి తెలియదు. కానీ ఒక మాట ఒప్పుకోవాలి. కొత్త పెట్టె రాకపోతే ఈ పుస్తకం ఇంకా అటక మీదే ఉండేది. మేం దాన్ని తాతయ్య గుర్తు అని దాచామేగానీ, ఇన్నేళ్ళలో ఒక్కసారీ తెరవలేదు. ఆడనివ్వకుండా దాచినదాన్ని కాపాడినట్టు ఎలా అవుతుంది?

కనుమ నాడు పిల్లలు నలుగురూ కొత్త బొమ్మలు పేర్చుకున్నారు. బావ జేబులోంచి ఆ ఇద్దరు ఒంటికన్నువాళ్ళనీ తీసి, చేపమొహాల్లో ఇద్దర్ని పక్కన పెట్టి, వాటి చోట నిలబెట్టాడు. ఎవరూ కాదనలేదు. ఫోను చిన్నోడి జేబులోనే ఉంది. ఊరికి తిరిగి వెళ్ళాక వాళ్ళకు అది కావాలి, నేనింక దాన్ని తిట్టను.

"మాంత్రికుడెవరు?" అని అడిగింది ఫ్రాన్సు పిల్ల. అందరూ నావైపు చూశారు. అమ్మ లోపలికి వెళ్ళి తాతయ్య శాలువా తెచ్చి నా భుజాన వేసింది. కర్పూరం వాసన వచ్చింది.

తెర వెనక కూర్చుని పుస్తకం తెరిచాను. మా అబ్బాయి అప్పుడే రెండుసార్లు ఓడిపోతానేమో అన్నాడు, వాడి చెయ్యి పాచికల మీద చెమట పట్టింది. పెన్సిలు వెతుక్కుని, మొదటి గది పక్కన తాతయ్య రాత కింద, ఒకణ్ణి తగ్గించాలని రాసుకున్నాను.