ఎవరింట్లో కూడుదాం?

వారానికోసారి ఎవరింట్లోనైనా కూడి సువిశేషం చదువుకోమని మా విచారణ గురువులు చెప్పినప్పుడు, ఏం చదవాలి, ఎంతసేపు చదవాలి అన్నదే ఆలోచించాను. ఎవరింట్లో అన్న ప్రశ్న నాకు తట్టనే లేదు. మా హాలు పెద్దది. ఇన్వర్టరుంది. చర్చికి రెండు వీధుల అవతలే. పైగా నేను టీచరుగా రిటైరయినదాన్ని. ఇంకెవరింట్లో పెడతారు?

మొదలుపెట్టడం ఘనంగానే మొదలుపెట్టాను. నోట్సు రాసుకుని మరీ పాఠం చెప్పేదాన్ని. మన బైబిలులో 73 గ్రంథాలుంటే పక్కవీధి చర్చివాళ్ళ బైబిలులో 66 ఎందుకున్నాయని ఒకాయన అడిగాడు. తోబీతు, యూదితు దగ్గర్నుంచి మక్కబీయుల దాకా ఆ ఏడు పుస్తకాల సంగతి చెప్పుకుంటూ పోయాను. అడిగినాయన కునుకు తీశాడు. నేను మాత్రం ఆపలేదు. వచ్చినవాళ్ళు నోరు విప్పకపోతే శ్రద్ధగా వింటున్నారనుకున్నాను. ముప్పై ఏళ్ళు క్లాసులో నిలబడ్డవాళ్ళకు ఆ భ్రమ అంత తొందరగా వదలదు.

అది చిన్న తప్పు. అసలు తప్పు కుర్చీల దగ్గర జరిగింది. మాది గుంటూరు జిల్లాలో పాత కతోలికులున్న ఊరు. ఈ ప్రాంతంలో కొన్ని రెడ్ల, కమ్మవారి కుటుంబాలకు 18వ శతాబ్దపు జెసూట్ గురువుల కాలం నాటి నుంచీ జ్ఞానస్నానాలున్నాయి. దళితులు పెద్ద సంఖ్యలో వచ్చింది ఆ తర్వాత. ఆదివారం పూజలో అందరం ఒక్క పీఠం ముందే మోకరిస్తాం. మా హాల్లో మాత్రం సోఫాల్లో, కుర్చీల్లో మా బంధువులు కూర్చునేవాళ్ళు. దళితులుండే పల్లెలో నుంచి వచ్చినవాళ్ళు గుమ్మం దగ్గర చాప మీద సర్దుకునేవాళ్ళు. నేను అలా కూర్చోమనలేదు. పైకి రమ్మనీ అనలేదు. మావాళ్ళు వంటింట్లోకి వెళ్ళి స్టీలు గ్లాసుల్లో టీ పోసుకునేవాళ్ళు. చాప మీదవాళ్ళకు పేపరు కప్పుల్లో నేనే తీసుకెళ్ళి ఇచ్చేదాన్ని. స్వయంగా ఇస్తున్నాను కదా అని లోపల కాస్త గర్వం కూడా ఉండేది.

టిఫిన్ల గొడవ ఇంకొకటి. మొదటివారం నేను పునుగులు వేయించాను. మరోవారం మా ఆడపడుచు కేసరి చేసి తెచ్చింది. తర్వాత ఒకరిని మించి ఒకరు. అది చూసి పల్లెవాళ్ళు ఒకరొకరే మానేశారు. ఇది తమ వంతుకు కూడా వస్తే ఎక్కణ్ణుంచి తెస్తామని వాళ్ళు అనుకున్నట్టు చాలా ఆలస్యంగా తెలిసింది.

ఒకనాడు ఫాదరుగారు వచ్చి చివరి దాకా కూర్చున్నారు. నా పాఠం గురించి ఒక్కమాట కూడా అనలేదు. మన దేశంలో చాలా విచారణల్లో వాడే ఏడు మెట్ల పద్ధతి రాసున్న కాగితం చేతిలో పెట్టారు. దక్షిణాఫ్రికాలోని లుంకో కేంద్రంలో తయారైన పద్ధతి అది. ప్రభువును పిలవడం, వాక్యం చదవడం, మనసుకు తగిలిన మాటను పైకి చెప్పడం, మౌనంగా ఉండడం, ఆ మాట తమకేం చెప్పిందో పంచుకోవడం, చేయాల్సిన పని ఒకటి అనుకోవడం, ప్రార్థించడం. ఇందులో ప్రసంగాలుండవు. ఒకరు చెప్పినదాన్ని ఇంకొకరు సరిదిద్దకూడదు. ‘ఇక ఇంటింటికీ మార్చండమ్మా, వచ్చేవారం పల్లెలో పెట్టుకుందాం’ అని ఆయనే నిర్ణయించేశారు.

ఆ వారం మావాళ్ళలో సగం మంది రాలేదు. మా ఆడపడుచుకు తలనొప్పి. ఇంకొకరికి చుట్టాలు. నేను వెళ్ళాను, వెళ్ళక తప్పదు కాబట్టి. చదవడం అయ్యాక ఆ ఇంటావిడ టీ తెస్తే ‘షుగరమ్మా, వద్దు’ అన్నాను. నాకు షుగరు లేదు. ఆవిడ లోపలికెళ్ళి ఇంకో గ్లాసుతో వచ్చి ‘చక్కెర లేకుండా వేరే పెట్టానమ్మగారూ’ అంది. ఆ టీ తాగాను. అబద్ధమాడానని ఆవిడకు తెలుసో తెలియదో ఈరోజుకీ అడగలేకపోయాను. పాపసంకీర్తనంలో ఫాదరుగారికి చెప్పుకున్నాను కానీ, చెప్పాల్సింది ఆవిడకని నాకు తెలుసు.

తొలి క్రైస్తవులు కూడింది ఇళ్ళలోనే. ప్రిస్కిల్లా, అక్విలాల ఇల్లుంది, ఫిలేమోను ఇల్లుంది. కొరింతులో మాత్రం ఉన్నవాళ్ళు ముందే తినేస్తే లేనివాళ్ళు ఆకలితో ఉండిపోయేవాళ్ళు. కొరింతీయులకు రాసిన మొదటి లేఖ 11వ అధ్యాయంలో పౌలు వాళ్ళను గట్టిగా మందలిస్తాడు. ఏటా పవిత్ర గురువారం పూజలో మనం వినేది అదే అధ్యాయం, కాకపోతే 23వ వచనం నుంచి. ఆ మందలింపు దానికి ముందుంది. నేను ఆ అధ్యాయం మీద పాఠం చెప్పాను కూడా, రొట్టె, ద్రాక్షరసం గురించి. ముందు వచనాలు దాటేశాను.

2022లో హైదరాబాదు అగ్రపీఠాధిపతి పూల ఆంథోనీగారు కార్డినల్ అయ్యారు. ఆ పదవికెక్కిన తొలి తెలుగువాడు, తొలి దళితుడు. మా ఊళ్ళో మేమంతా వాట్సాపులో ఆయన ఫొటో పెట్టుకున్నవాళ్ళమే. ఫొటో పెట్టుకోవడానికి ఎవరింటికీ వెళ్ళక్కర్లేదు మరి.

ఇప్పుడు కూటం ఇంటింటికీ తిరుగుతోంది. అందరూ చాప మీదే. టీ తప్ప ఇంకేమీ పెట్టకూడదని నియమం. వచ్చే ఆదివారం పూజలో చదవబోయే సువిశేషాన్నే చదువుతాం. అక్షరాలు రానివాళ్ళకు రెండుసార్లు వినిపిస్తాం. ఏదో ఒక మాటను వాళ్ళే ముందు అందుకుంటారు. నేను నోట్సు తీసుకెళ్ళను. మధ్యలో నోరు దురద పెడుతుంది, ఆపుకుంటాను. ఒక్కోసారి ఆపుకోలేను కూడా.

అంతా బాగుపడిందని చెప్పను. మా ఆడపడుచు పల్లెలో కూటమున్న వారం రాదు. మా ఇంట్లో ఉంటే వస్తుంది. పేపరు కప్పులు మానేశాం గానీ, ఎవరి గ్లాసు ఎవరు కడుగుతున్నారో చూసే కళ్ళు మా వంటింట్లో ఇంకా ఉన్నాయి, నావి కూడా.

మీ విచారణలో ఇలాంటి కూటం మొదలుపెట్టాలనుకుంటే, పెద్ద హాలున్న ఇంటి కోసం వెతక్కండి. చిన్న ఇల్లున్నవాళ్ళ దగ్గరికి ముందు వెళ్ళి, మొదటివారం మీ ఇంట్లో పెట్టుకోవచ్చా అని అడగండి.