టైరు మీద అంకెలు

మా ఫార్చ్యూనర్‌కి టైర్లు మార్చే రోజు వచ్చింది. 2018 బండి, సెకండ్ హ్యాండులో కొన్నాం. టైరు గాడుల్లో అక్కడక్కడా చిన్న చిన్న దిమ్మలుంటాయి, ఎప్పుడైనా గమనించారా? పైన రబ్బరు అరిగి ఆ దిమ్మలతో సమానమైందంటే గాడి లోతు 1.6 మిల్లీమీటర్లే మిగిలినట్టు. ఇక ఆ టైరుతో రోడ్డెక్కకూడదు. మా ముందు టైర్లు రెండూ అక్కడిదాకా వచ్చేశాయి. వెనకవీ అంతంతమాత్రమే.

మార్చాలన్నదాంట్లో ఎవరికీ పేచీ లేదు. ఏ సైజు వేయాలన్న దగ్గరే వచ్చింది గొడవంతా. మా అబ్బాయి ఫోన్లో ఒక ఫొటో చూపించాడు. మా బండిలాంటిదే, కానీ లావుపాటి టైర్లేసుకుని పహిల్వానులా నిలబడి ఉంది.

"అమ్మా, మనకున్నవి 265. 285 వేయిద్దాం. ఇరవై మిల్లీమీటర్లేగా తేడా!"

మావారేమో "వాడికి తెలుసులేవే" అని పేపర్లో తల దూర్చేశారు. డబ్బులిచ్చేది ఆయన, నడిపేది వాడు. వెనక సీట్లో కూర్చునేది నేనూ, మోకాళ్ల నొప్పులతో మా అత్తయ్యా. నెలకోసారి ఆవిణ్ణి హైదరాబాదు డాక్టరుకి చూపించుకు రావాలి. నరసరావుపేట నుంచి పిడుగురాళ్ల, మిర్యాలగూడ, నల్గొండ మీదుగా వెళ్లి, చీకటి పడ్డాక లారీల మధ్య తిరిగొస్తాం. అలాంటప్పుడు టైర్ల సంగతి మగాళ్లిద్దరికీ వదిలేయడం నాకు నచ్చలేదు. కాగితం, పెన్ను పట్టుకుని సెల్లారులోకి దిగాను.

డ్రైవరు తలుపు తీస్తే ఆ చట్రం మీద కంపెనీవాళ్లు అంటించిన స్టిక్కరు ఉంటుంది. ఆ బండికి ఏ సైజు టైరు, ఎంత గాలి అన్నీ అందులోనే రాసి ఉంటాయి. మాది 265/65 ఆర్17. మొదటి అంకె టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. చివరి 17 రిమ్ము కొలత, అంగుళాల్లో. మధ్యలో ఉన్న 65 దగ్గరే అందరూ బోల్తా పడతారు. అది మిల్లీమీటర్లు కాదు, శాతం. వెడల్పులో 65 శాతం టైరు పక్కగోడ ఎత్తన్నమాట. పన్నాలో పదో వంతు అంచు వేయమని నేతగాడికి చెబితే, పన్నా పెరిగినప్పుడల్లా అంచూ పెరుగుతుంది కదా, ఇదీ అంతే. మా అబ్బాయి చూపించినది 285/65. వెడల్పు ఇరవయ్యే పెరిగింది, నిజమే. కానీ పక్కగోడ కూడా పదమూడు మిల్లీమీటర్లు పెరిగింది. పైనా కిందా కలిపితే చక్రం మొత్తం 776 నుంచి 802కి పోతుంది.

"అయితే ఏంటి?" అన్నాడు వాడు.

ఏంటంటే, చక్రం పెద్దదైతే ఒక్క చుట్టుకి బండి ఎక్కువ దూరం పోతుంది. మీటరుకి ఆ సంగతి తెలీదు, అది చుట్లే లెక్కపెట్టుకుంటుంది. చిన్న చక్రంతో చూపించే వంద, పెద్ద చక్రంతో నూటమూడు దాటుతుంది. మామూలుగా మీటర్లు అసలు వేగంకంటే కాస్త ఎక్కువే చూపిస్తాయట. అది మనల్ని కాపాడే జాగా. ఆ జాగా చేతులారా పోగొట్టుకోవడం ఎందుకు? పైగా టైరు బరువు పెరిగితే తిప్పడానికి ఇంజనుకి, ఆపడానికి బ్రేకుకి రెండింటికీ శ్రమే. డీజిలు ఖర్చు సరేసరి. స్టీరింగు పూర్తిగా తిప్పినప్పుడు లోపలి ప్లాస్టిక్కుకి ఒరుసుకునే ప్రమాదమూ ఉంది. వానలో నీళ్లు నిలిచిన రోడ్డు మీద వేగంగా పోతుంటే వెడల్పు టైరే ముందు నీటి మీద తేలుతుంది. ఇది వినగానే మావారు పేపరు మడిచారు.

అత్తయ్య ఒక్క మాటే అడిగారు. "బండి ఇంకా ఎత్తవుతుందా?" పదమూడు మిల్లీమీటర్లు, అంటే చిటికెన వేలు మందం. నాకూ మా వాడికీ లెక్కలోకి రాదు. పక్కమెట్టు మీద కాలు పెట్టి, పైన పిడి పట్టుకుని, "రామా" అనుకుంటూ ఎక్కే మనిషికి వస్తుంది.

చివరికి సైజు మార్చకూడదన్నాం. గాడుల డిజైను మాత్రం వాడి ఇష్టం. తారు రోడ్డుకైతే హైవే రకం చాలు, చప్పుడు తక్కువ. మట్టి దారికీ పనికొచ్చే ఆల్ టెర్రైన్ రకం మోటుగా, మా వాడు కోరుకున్నంత పహిల్వానులా ఉంటుంది, కాస్త హోరు ఎక్కువ. వానాకాలంలో మా పొలం దారి నల్లరేగడి ఎలా పట్టేస్తుందో తెలుసు కాబట్టి నేనూ సరేనన్నాను. హోరు భరిస్తాను, పాటల సౌండు పెంచుకుంటే సరి.

దుకాణానికి నేను కూడా వెళ్లాను. ఆయన ముందు సన్నగా నవ్వాడు. సైజు పక్కనే 112 అని ఉందో లేదో చూశాను. ఆ అంకెకి అర్థం ఒక్కో టైరూ 1120 కిలోలు మోస్తుందని. అంతకంటే తక్కువ అంకె ఉన్నది చవగ్గా వచ్చినా ఏడుగురం ఎక్కే బండికి వద్దు. నాలుగు టైర్లకి డెబ్భై వేల దాకా చెప్పి, "ఈ సెట్టయితే బాగా తగ్గించి ఇస్తానమ్మా" అని ఇంకో నాలుగు చూపించాడు. పక్కగోడ మీద డాట్ అన్న అక్షరాల వరసలో ఆఖరి నాలుగంకెలు చూడాలి. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. అక్కడ 0821 అని ఉంది. అంటే 2021లో ఎనిమిదో వారం. నూనె ప్యాకెట్టుకే తేదీ చూసి కొంటాం, దీనికి చూడమా?

"ఇవి వద్దండీ, ఈ ఏడాదివి తెప్పించండి" అన్నాను. ఆయన నవ్వు ఆపి గోడౌనుకి ఫోన్ చేశాడు. ఫొటో చూపించినవాడు పక్కనే నిలబడి, తర్వాత వచ్చిన నాలుగింటి అంకెలూ తనే చదివి వినిపించాడు.

ఇంటికొచ్చాక బండి వెనక కింద వేలాడే స్టెప్నీ గుర్తొచ్చింది. కొలత మార్చలేదు కాబట్టి అదీ సరిపోతుందని మావారు నిశ్చింతగా ఉన్నారు. మా వాడు ఫోన్ లైటు పట్టుకుని కిందికి దూరాడు. 4118. ఒక్క కిలోమీటరు తిరగలేదు, గాడులు కొత్తవాటిలాగే ఉన్నాయి, కానీ రబ్బరు 2018ది. వాడకపోయినా రబ్బరుకి వయసొస్తుంది. ఐదోది కూడా కొందామని నేనూ మా వాడూ ఒక జట్టయ్యాం. మావారు మాత్రం "వచ్చే నెల చూద్దాంలే" అంటున్నారు. అత్తయ్యని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాల్సింది ఇరవయ్యో తారీకున. ఆలోపు మళ్లీ అడుగుతాను.