బిస్కెట్ వచ్చు, బగెట్ రాదు

గత నెల ఆరో తరగతి ఇంగ్లిష్ పీరియడ్‌లో ఒక బాబు పాఠం చదువుతూ ఒక మాట దగ్గర ఆగాడు. బి, ఏ, జి, యు, ఇ, టి, టి, ఇ. కూడబలుక్కుని ‘బాగుఎట్టె’ అన్నాడు. ‘బాగుందా?’ అని వెనక బెంచీ నుంచి ఎవరో అన్నారు. క్లాసంతా నవ్వింది. నాకూ నవ్వు ఆగలేదు. ‘బగెట్’ అని సరిదిద్ది ముందుకు వెళ్లిపోయాను. తర్వాత రెండు రోజులు ఆ బాబు చదవడానికి చెయ్యి ఎత్తలేదు.

నిజానికి ఆ మాట ఎలా పలకాలో నాకూ ముందు రోజు రాత్రే తెలిసింది. ఫోన్‌లో డిక్షనరీ పెట్టుకుని నాలుగుసార్లు విన్నాను.

మూడో రోజు ఆ సంగతి క్లాసులో ఒప్పుకున్నాను. బగెట్ ఫ్రెంచ్ మాట అనీ, దాని అర్థం సన్నని కర్ర అనీ చెప్పాను. ఫ్రెంచ్‌వాళ్లు మంత్రదండాన్నీ అదే మాటతో పిలుస్తారు. ఇంగ్లిష్‌లో మాత్రం అది ముఖ్యంగా రెండడుగులకు దగ్గరగా ఉండే పొడవాటి బ్రెడ్. దీన్ని తయారుచేసే పనితనాన్ని 2022లో యునెస్కో వారసత్వంగా గుర్తించింది. ‘ఎ బ్రెడ్’ అనకూడదు గానీ ‘ఎ బగెట్’ అనవచ్చు.

తర్వాత బోర్డు మీద బి, ఐ, ఎస్, సి, యు, ఐ, టి రాశాను. అందరూ ‘బిస్కెట్!’ అని అరిచారు. అక్షరాలను నమ్మితే ‘బిస్కుయిట్’ అనాలి కదా? ఇదీ ఫ్రెంచ్ నుంచి వచ్చిందే. రెండుసార్లు కాల్చినది అని అర్థం. మరి దీన్ని ఎవరూ తప్పు చదవలేదేం?

‘‘రోజూ చాయ్‌లో ముంచుకుని తింటాం కదా మేడమ్’’ అన్నాడు ఆ బాబే.

అదే అసలు విషయం. మన ఇబ్రహీంపట్నం బేకరీలో బన్ను, ఖారీ, ఉస్మానియా, దిల్‌పసంద్ అడిగి కొనుక్కుంటాం. బగెట్ అనే మాట పిల్లల చెవిన పడే అవకాశమే తక్కువ. తప్పు పలికాడంటే, ఆ మాటను వినకముందే పుస్తకంలో చదివాడని అర్థం. అది నవ్వాల్సిన విషయం కాదు.

పేరెంట్స్ మీటింగ్‌లో కొందరు ‘‘మాకు ఇంగ్లిష్ రాదు మేడమ్, ఇంట్లో ఎట్ల చెప్పాలె?’’ అని అడుగుతుంటారు. మీరు చెప్పనక్కర్లేదు. ‘‘నాకూ తెల్వదు, విందాం రా’’ అని పిల్లల పక్కన కూర్చుని ఫోన్‌లో ఆ మాట వినండి. చాలు.

ఆ బాబు ఇప్పుడు మళ్లీ చదువుతున్నాడు. కొత్త మాట వస్తే ఆగి, ‘‘ఇది ఇంకా వినలేదు మేడమ్’’ అంటున్నాడు.