శామీరుపేట చెఱువు చుట్టు సైకిలు విహారము

మేడ్చలునకు తూర్పున, సికింద్రాబాదు నుండి కరీంనగరమునకు పోవు రాజీవ్ రహదారి చెంత, నగరమునకు సుమారు 25 కిలోమీటర్ల దూరమున శామీరుపేట చెఱువు గలదు. మీలో ననేకులు దీనిని చూచియే యుందురు. కాని బస్సు కిటికీనుండియో, కట్టమైసమ్మ తల్లికి మ్రొక్కు చెల్లింపవచ్చినపుడో చూచియుందురు. నేను చెప్పబోవునది సైకిలుపై మెల్లగా చుట్టి చూచిన చెఱువును గూర్చి.

మా వారు బడిపంతులు. మా కాపురము మేడ్చలునందు. ఆదివారము వేకువనే లేచి, పాలు కాచియుంచి, పిల్లలను అత్తగారి కప్పగించి, మే మిరువురము రెండు సైకిళ్లను ట్రాలీ ఆటోలో వేయించుకొని శామీరుపేట చేరుదుము. ఇంటినుండియే తొక్కుకొని పోవచ్చునుగాని ఆ దారిని లారీలు మెండు. విహారమునకు బయలుదేఱి లారీపొగ పీల్చుట యేల? నగరమును చుట్టియున్న 158 కిలోమీటర్ల బాహ్యవలయ రహదారిపై ద్విచక్రములకు ప్రవేశమే లేదు. ఆ రహదారి ప్రక్కన నానక్‌రామ్‌గూడ, నార్సింగి దిక్కున 2023లో సౌరఫలకముల నీడన 23 కిలోమీటర్ల సైకిలు బాటను తెఱచిరి. అది నగరమునకు పడమట నున్నది, మాకు దూరము. పైగా నాకు మట్టిబాటయే యిష్టము.

మట్టిబాటకు తగినది కొండసైకిలు. పేరు విని జడియ నక్కఱలేదు. 1970 తరువాతి యేండ్లలో అమెరికాలోని కాలిఫోర్నియాయందు, టమాల్‌పాయిస్ అను కొండ వాలున కొందఱు పడుచువాండ్రు పాత సైకిళ్లకు వెడల్పు టైర్లు తొడిగి మట్టిదారిని పందెములు వేసికొని దిగుచు దీనికి శ్రీకారము చుట్టిరి. మనకు పందెము లేదు, కొండయు లేదు. మనకు పనికివచ్చునవి ఆ వెడల్పు టైర్లును, గేర్లును మాత్రమే. గులకరాళ్లపై పోవునపుడు టైరులో గాలి కొంచెము తగ్గించినచో అది నేలను మెత్తగా పట్టును, కుదుపు తక్కువగును. చిన్నపాటి మిట్ట వచ్చినపుడు ముందుగానే గేరు తేలిక చేసికొనవలెను. మిట్ట నడుమ మార్చబోయిన గొలుసు మొఱాయించును. చీర కట్టువారు చెంగును నడుమునకు బిగించి, కుచ్చిళ్లను ప్రక్కకు చెక్కుకొనవలెను. నాకు మాత్రము సల్వారు కమీజే సుఖముగా నున్నది. అత్తగారు మొదట మొగము చిట్లించిరి. ఇపుడు దాని నుతికి యాఱవేయువారు వారే.

కట్టమీద తొక్కుట యెంత సులభమో చెప్పినగాని నమ్మరు. దానికి కారణము గలదు. చెఱువుకట్ట తల యెల్లెడల సమమట్టముగా నుండితీరవలెను. ఎచ్చట నొక్క జానెడు పల్లమున్నను నిండుచెఱువు అచ్చటనే పొర్లి, మన్నును కోసి, గండి పెట్టును. అందుచేతనే అధికజలము వెడలుటకు వేఱుగా మత్తడిని, పొలములకు నీరు విడుచుటకు తూమును కట్టుదురు. నీటికి వెఱచి మన పెద్దలు చదును చేసిన బాట యిది. సైకిలు తొక్కువారి కది వరమైనది. తటాకమును సప్తసంతానములలో నొకటిగా లెక్కించుట చిన్ననాడు మా తండ్రిగారియొద్ద చదివితిని. కొడుకునకును చెఱువునకును సమానమైన పీటయా యని అప్పుడు నవ్వుకొంటిని. కట్టమీద తిరిగిన పిదప ఆ లెక్క సబబుగానే తోచుచున్నది.

కట్ట దాటిన వెనుక బాట కొంత నీటియంచున, కొంత పొలముల నడుమ, కొంత ఊరి దారిని పోవును. వాన బాగుగ కురిసిన యేట అంచుబాట నీట మునుగును. అపుడు పొలముగట్లపై సైకిలు నడిపించుకొని పోవలెను. నలుదెసల గుండ్రాళ్లు ఒకదానిపై నొకటి పేర్చినట్లుండును. ఇరువదియైదు వందల లక్షల యేండ్లు గాదు, దానికి పదిరెట్లు, అనగా సుమారు 250 కోట్ల యేండ్ల నాటి శిల యిది. రాళ్ల సందులలో సీతాఫలపు పొదలు, తంగేడు. తీగెపై లకుముకి పిట్ట కదలక కూర్చుండి, రెప్పపాటులో నీటిలో పడి చేపతో లేచును. నీటికాకులు ఱెక్కలు విప్పి యెండకు ఆఱబెట్టుకొనును. శీతకాలమున నామాలకోళ్లు నల్లని చుక్కలవలె తేలుచుండును. పాలపిట్ట కనబడినదా, దసరా కాకున్నను చేతులు జోడింపక మనసొప్పదు. వచ్చినవారు విడిచిపోయిన ప్లాస్టిక్ సంచులు, విస్తళ్లు కూడ కనబడును. వాని సంగతి వ్రాయబూనిన ఈ పుట చాలదు.

మొన్న కట్టమీద గేదెలను తోలుకొనివచ్చుచున్న యొక అవ్వ నన్నాపినది.

"యాడికి వోతున్నవ్ బిడ్డా, గింత పొద్దుగాల?"

"యాడికీ లేదవ్వా. చెరువు చుట్టు తిరిగి మళ్ల ఈడికే వస్త."

"మరి ఏం పని?"

"పనేం లేదు. ఊకెనే."

అవ్వ కఱ్ఱపై ఆని నన్ను కొంతసేపు చూచినది. "నలభై ఏండ్ల సంది ఈ కట్ట మీద తిరుగుతున్న. బర్ల తోలుకొని, గడ్డిమోపు నెత్తిన వెట్టుకొని. ఊకెనే ఒక్కనాడు తిరుగలే" అన్నది. దుఃఖముతో గాదు, లెక్క యొప్పగించినట్లు పలికినది. పిదప నా సైకిలు గంటను రెండుమార్లు మ్రోగించి, నవ్వుకొనుచు గేదెల వెంట సాగినది.

ఆ మాట నన్ను విడువలేదు. మనము వాకిలి దాటిన యెడల ఏదో యొక పని ముందుండును: కూర, మందు, బడి, పేరంటము. తమిళనాటి పుదుక్కోటై జిల్లాలో 1991 తరువాత అక్షరాస్యతోద్యమముతో పాటు స్త్రీలకు సైకిలు కూడ నేర్పిరి. నాటి కలెక్టరు షీలారాణి చుంకత్. లక్షకు పైగా పల్లెపడుచులు నేర్చిరని పత్రికారచయిత పి. సాయినాథ్ వ్రాసిరి. వారు నీటికుండలు, పంటసరుకు, బిడ్డలను సైకిలుపై మోసికొని పోయిరి. అది గొప్ప కార్యమే. అయినను పని తీఱినందున మిగిలిన గడియ ఎవరిదని నాకు సందేహము. పని కొఱకే సైకిలెక్కిన స్త్రీని లోకము త్వరగా మెచ్చును. ఊరక యెక్కినదానిని ప్రశ్నించును. నా మట్టుకు నా కీ చుట్టు బాటలో నచ్చినది ఇదియే. బయలుదేఱిన చోటికే వచ్చును గావున, ఏమి తెచ్చితివని యడుగుటకు వీలులేదు.

పోదలచినవారు కార్తికము మొదలు మాఘము వఱకు పోవుట మేలు. ఎండ పదిగంటలకే ముదురును. తలకు హెల్మెటు, గాలిపంపు, అదనపు ట్యూబు, మంచినీరు తప్పక యుండవలెను. సీతాఫలపు ముండ్లకంటె తుమ్మముండ్లు టైర్లకు పగవారు. సీతాఫలమునకు ముండ్లే లేవని మా వారు సరిదిద్దుచున్నారు. నిజమే, నేనన్నది ఆ పొదల నడుమ మొలచిన ముండ్లను. ఒంటరిగా పోక ఇద్దఱు ముగ్గురు కలిసి పోవుడు. నీటిలో మాత్రము దిగవలదు. ఒడ్డున నిదానముగా గనబడినను లోతు తెలియదు. పిల్లలున్నచో దాపుననే జవహర్ జింకల వనము గలదు.

వచ్చు ఆదివారము అత్తగారును వత్తుమన్నారు. వారికి సైకిలు రాదు, కట్టమీద నడచెదరట.